మంచు మీద నడక



మనకు మంచు అంటే ఏమిటి? సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున గడ్డి మీద కనబడే తడి. పొద్దెక్కితే పోతుంది. కాని నార్వే దేశంలో మంచు దూదిలాగా రాలుతుంది. మోకాలి లోతున పేరుకుంటుంది. చాలాచోట్ల నెలల తరబడి కరగదు.

ఆ దేశ రాజధాని ఓస్లో. డిసెంబరులో అక్కడ పొద్దు పొడిచేసరికి ఉదయం 9 దాటుతుంది. మధ్యాహ్నం 3 దాటిన కాసేపటికే గూకుతుంది. మనమైతే తలుపు వేసుకుని దుప్పటి కప్పుకుంటాం. వాళ్లు బయటికి పోతారు. అదీ సరదాగా!

ఎలా పోతారు? కాళ్లకు స్కీలు తగిలించుకుని. స్కీ అంటే సన్నని పొడవాటి పలక. నిలబెడితే మనిషి తలను మించుతుంది. ముందు కొస పైకి వంగి ఉంటుంది. వరినాట్లప్పుడు బురదలో కాలు దిగబడుతుంది గదా? అదే బురద మీద చెక్క వేసి నిలబడండి. అంతగా దిగబడరు. మన బరువు చెక్క అంతటా పరుచుకుంటుంది. స్కీ కిటుకు కూడా అదే.

బూటు ముందు కొసను మాత్రమే స్కీకి బిగిస్తారు. మడమ పైకి లేస్తుంది. చేతుల్లో రెండు కర్రలు. ఒక కాలితో నెట్టి, రెండో కాలి మీద జారాలి. మరి వెనక్కి జారితే? అందుకే పలక అడుగున, నడిమి భాగంలో మైనం రాస్తారు. కాలు అదిమితే మైనం మంచును పట్టుకుంటుంది. చలిని బట్టి మైనం మార్చాలి. అది తప్పిందా, ఎక్కుడు దారిలో అవస్థే!

నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఇందుకు దూరం పోనక్కరలేదు. ఊరిని ఆనుకునే అడవి. మెట్రో రైలు అడవి అంచుదాకా పోతుంది. పని ముగించుకుని, స్కీలు పట్టుకుని రైలెక్కుతారు. కొన్ని దారుల్లో రాత్రిపూట దీపాలుంటాయి. అడవి దారికి టికెట్టు లేదు. మూడు నాలుగేళ్ల పిల్లలూ వస్తారు, ముసలివాళ్లూ వస్తారు.

పూర్వం ఇది ఒట్టి సరదా కాదు. 1206లో ఆ దేశంలో అంతర్యుద్ధం. ఇద్దరు మనుషులు పసివాడైన రాజకుమారుణ్ణి ఎత్తుకుని, స్కీల మీద కొండలు దాటించి కాపాడారు. ఆ పిల్లవాడే 1217లో హాకోన్ రాజు అయ్యాడు. దాని గుర్తుగా 1932లో ఒక పందెం మొదలైంది. ఇప్పుడు దాని దూరం 54 కిలోమీటర్లు. పందెంలో ప్రతివాళ్లూ 3.5 కిలోల సంచి మోయాలి. ఆ సంచి బిడ్డకు గుర్తు.

ఇప్పుడు వాళ్లకొక దిగులు పట్టుకుంది. భూమి వేడెక్కుతోంది. ఓస్లో పల్లపు ప్రాంతాల్లో మంచు నిలిచే రోజులు తగ్గాయి. కొన్నిచోట్ల యంత్రాలతో మంచు చేసి దారి పరుస్తున్నారు. అది చిన్న చుట్టు. తిరిగిన చోటే తిరగాలి. తాత నడిచిన ఇంటి దగ్గరి దారిలో మనవడికి కొన్ని ఏళ్లు మంచే దొరకదు. స్కీలు గోడకు ఆనించి, కిటికీలోంచి ఆకాశం చూస్తుంటారు. జూన్‌లో మన రైతు చూసినట్టే.