జీవకణమూ, క్షయ క్రిమీ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదికి ముందు మనం ఇల్లు దులిపి, పాడైన సామాను పారవేస్తాము. మన దేహంలోని జీవకణాలు ఈ పని నిత్యమూ చేసుకుంటాయి. శిథిలమైన తమ భాగాలను పొరతో చుట్టి, జీర్ణించుకుని, తిరిగి వాడుకుంటాయి. దీనికి 1963లో బెల్జియం శాస్త్రజ్ఞుడు డి డ్యూవ్ పెట్టిన పేరు ‘ఆటోఫజీ’, అనగా స్వభక్షణము. దీని గుట్టు విప్పిన జపాన్ శాస్త్రజ్ఞుడు ఒసుమికి 2016లో నోబెల్ బహుమతి లభించింది.

క్షయ క్రిమి మహా టక్కరి. తనను మింగిన రక్షక కణంలోనే కాపురం పెట్టి, జీర్ణరసాల సంచి తన గదితో కలియకుండా అడ్డుకుంటుంది. 2004లో శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో అట్టి కణాలను పస్తుంచగా, స్వభక్షణము చురుకై, లోపలి క్రిముల మనుగడ తగ్గింది.

“అయితే ఉపవాసముంటే క్షయ పోతుంది గదా!” అని మనలో కొందరికి తోచవచ్చు. అది చాలా ప్రమాదము. గాజుపాత్రలోని కణము వేరు, మనిషి వేరు. తిండి చాలని దేహంలోనే క్షయ విజృంభిస్తుంది. 2023లో వెలువడిన జార్ఖండ్ పరిశోధనలో, రోగుల ఇంటివారికి పుష్టికరమైన ఆహారం అందించగా, వారిలో క్షయ రావడం సుమారు 39 శాతం తగ్గింది.

కనుక మన కుటుంబాలలో ఎవరికైనా ఈ జబ్బు వస్తే దాచవద్దనీ, పస్తుంచవద్దనీ మనవి చేస్తున్నాము. వైద్యుడు చెప్పినన్నాళ్లూ మందు, కడుపునిండా పప్పూ అన్నమూ – రెండూ కావాలి.