బాలింతకు అన్నము



మాది మండపేట. గోదావరి కాలువల క్రింది వరిచేల నడుమ బియ్యపు మరల ఊరు. అట్టి ఊరిలో నేడు బాలింతలు అన్నమును చూచి భయపడుచున్నారు. పురుటికి వచ్చియున్న మా మనుమరాలు బిడ్డకు రెండవ నెల నిండకమునుపే అన్నము మానినది. “తాతయ్యా, ఒళ్లు వచ్చినది, ఇది మానినగాని తగ్గదు” అనెను. “అమ్మా, నీ పళ్లెములో బిడ్డ వంతును కలదు గదా!” యంటిని. ఆ వంతెంతయో లెక్క చెప్పుమనినది. జీవితమంతయు వ్యాకరణము చెప్పినవానికి లెక్క చెప్పవలసివచ్చినది!

తల్లి దినమునకు ఇంచుమించు 750 మిల్లీలీటర్ల పాలిచ్చును. అందులకై మొదటి ఆరు నెలలు దినమునకు 600 క్యాలరీలు, తరువాతి ఆరు నెలలు 520 క్యాలరీలు అదనముగా వలయునని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు నిర్ణయించిరి. గర్భకాలమున చేరిన కొవ్వు కొంత ఈ వ్యయమునకే నిలువయున్నది. కావున తగుమాత్రము భుజించుచు, నడచుచు, పాలిచ్చు తల్లి సాధారణముగా మెల్లమెల్లగా తగ్గును. అందరును ఒక్క తీరున తగ్గరు. వారమునకు అరకిలోకు మించి తగ్గగోరుట తగదు.

మన వైద్యశాస్త్రము స్తన్యమును రసధాతువునుండి పుట్టు ఉపధాతువనినది. పాలలోని తీపి తల్లి రక్తములోని చక్కెరనుండి తయారగునని నవీనులందురు. మాట వేరైనను మూలము ఆహారమే. 2015లో స్వీడను దేశపు వైద్యులు ఒక తల్లి సంగతి ప్రకటించిరి. పది నెలల బిడ్డకు పాలిచ్చుచు, పిండిపదార్థములను కఠినముగా మాని, కొవ్వు పదార్థములే తినిన ఆమెకు వాంతులు పట్టి, రక్తములో ఆమ్లము పెరిగి, ఆసుపత్రి చేరవలసివచ్చినది. ఆమెకు మధుమేహము లేదు. చికిత్సచే కోలుకొనెను. ఇట్టిది అరుదే, అయినను కోరి తెచ్చుకొనవలసినది కాదు.

ఇది విని, అన్నమొక్కటియే చాలునని మన పెద్దమ్మలు సంబరపడరాదు. మద్రాసు రాజధానిలో బెరిబెరి వ్యాధికి ప్రధానస్థానము మన సర్కారు జిల్లాలే. ఆ ప్రాంతపు శిశుమరణములను గూర్చి 1941లో ఏక్రాయిడ్, కృష్ణన్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. పుష్టిగా పుట్టిన బిడ్డలు రెండవ నెల మొదలు అయిదవ నెలలోపుగా, తల్లిపాలు కుడుచుచునే, హఠాత్తుగా ప్రాణము విడిచెడివారు. తల్లి చూపులకు ఆరోగ్యవతియే! మరపట్టిన తెల్లబియ్యమున తవుడుతోబాటు బి-1 విటమిను పోయెడిది. పప్పు వాతము, కూర చలువ, పండు జలుబు అను పథ్యము వలన అది మరియొక దారిని చేరెడిది కాదు. తల్లిలో లేనిది పాలలోనికి ఎట్లు వచ్చును?

కావున తల్లులారా, దంపుడు బియ్యము వండుడు. లేదా ఉప్పుడు బియ్యము. వడ్లను నానబెట్టి ఉడికించినపుడు ఆ సత్త్వము గింజలోనికి చొచ్చును. మన మరలవారు దానిని కేరళమునకు పంపుచున్నారు. మన బాలింతకు మాత్రము తెల్లని సన్నబియ్యమే! గంజి పారబోయకుడు. పళ్లెములో అన్నము ఒక పిడికెడు తగ్గించి, ఆ చోట పప్పు, మునగాకు, పెరుగు, తినువారైనచో గ్రుడ్డు, చేప పెట్టుడు. నీరు దప్పికకొలది త్రాగనిండు. ఒళ్లు తగ్గవలెననినచో బిడ్డను చూడవచ్చు చుట్టములు తెచ్చెడి తాపేశ్వరము కాజాలను, ఆత్రేయపురము పూతరేకులను అటక మీద పెట్టుడు. వానిని తినువారు ఇంట వేరే ఉందురు, అందు నేనొకడను.

అన్నము మానిన బాలింతకు వాంతులు, మిక్కిలి నీరసము, ఆయాసము కలిగినచో, దిష్టి యని మిరపకాయలు దిగదుడుచుచు కూర్చుండక ఆనాడే ఆసుపత్రికి గొనిపోవలెను.