తెర మీది పనికి లాగ్‌బుక్కు

(మద్దిలపాలెంలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగంలో ఉన్న రోజుల్లో షిఫ్టు దిగేముందు లాగ్‌బుక్కులో రాసి, సంతకం పెట్టి, తరువాతి వారికి అప్పగించేవాళ్లం. నోటిమాట చెల్లేది కాదు. ఇప్పుడు మన పనులు కంప్యూటరు తెర మీదికి వచ్చాయి. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ మొదలైంది. అధిక పెన్షనుపై 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, 2023లో ఉమ్మడి ఆప్షను దరఖాస్తులు ఆన్‌లైనులో తీసుకున్నారు. పని మారింది గాని, మనం లాగ్‌బుక్కు అలవాటు వదిలేశాం.

నా సంగతే చెబుతాను. ఒకసారి మెడికల్ బిల్లు కోసం ఆన్‌లైనులో ఫారం నింపి పంపాను. ‘అందినది’ అని తెర మీద కనిపించింది. నంబరు రాసుకుందామని కళ్లజోడు సవరించుకునేలోగా పేజీ మారిపోయింది. నెలన్నర తరువాత వెళ్లి అడిగితే, "మీ దరఖాస్తు మాకు రాలేదండీ" అన్నారు. అప్పటికి గడువు దాటింది. "నేను పక్కనే కూర్చుని చూశాను కదా, నా సాక్ష్యం చాలదా?" అంది మా ఆవిడ. చాలలేదు. ఆ డబ్బు పోయింది.

మా మనవడు ఇది విని, "తాతయ్యా, తెర మీద జరిగేదంతా సినిమాలాగా రికార్డు చేసుకోవచ్చు. ఏమీ కొనక్కర్లేదు, నీ కంప్యూటరులోనే ఉంది" అన్నాడు. మరుసటి ఏడు అలాగే చేశాను. మళ్లీ అదే మాట విన్నాను. ఈసారి రికార్డింగు ఆపి చూపించాను. అందులో కనిపించిన నంబరుతో వెతికితే దరఖాస్తు దొరికింది.

విధానం చెబుతాను, రాసుకోండి. విండోస్ 11 ఉన్నవారు విండోస్ కీ, షిఫ్టు కీ, ఆర్ కీ మూడూ కలిపి నొక్కండి. స్నిప్పింగ్ టూల్ వస్తుంది. మౌసుతో తెర ఈ మూల నుంచి ఆ మూలకు గీసి, స్టార్ట్ నొక్కండి. మూడు లెక్కపెట్టి రికార్డింగు మొదలవుతుంది. పైన వెబ్‌సైటు చిరునామా, కింద కుడిమూల తేదీ, సమయం రెండూ పడేలా గీయండి. సాక్ష్యానికి ప్రాణం అవే. పని అయ్యాక ఆపి, దాచుకోండి.

విండోస్ 10 ఉన్నవారు ముందు వెబ్‌సైటు తెరిచి, విండోస్, ఆల్ట్, ఆర్ కీలు కలిపి నొక్కాలి. మళ్లీ నొక్కితే ఆగుతుంది. వీడియోస్‌లో క్యాప్చర్స్ అనే ఫోల్డరులో ఉంటుంది. ఇది ఆటలు ఆడేవారి కోసం పెట్టిన గేమ్ బార్. ఒక కిటికీనే రికార్డు చేస్తుంది, కింది గడియారం పడదు. అందుచేత మైకు ఆన్ చేసుకుని తేదీ, సమయం నోటితో చెప్పండి. అన్నట్టు, విండోస్ 10కి ఉచిత భద్రతా సవరణలు మామూలుగా అందే గడువు 2025 అక్టోబరు 14తో ముగిసింది. బ్యాంకు పనులు చేసేవారు ఈ సంగతి పిల్లలతో మాట్లాడండి.

దీనికి ఇంకొక ఉపయోగం ఉంది. పిల్లలు సెలవులకు వచ్చి అన్నీ నేర్పిస్తారు. వాళ్లు రైలెక్కగానే మనం మరిచిపోతాం. వాళ్లు చేసి చూపించేటప్పుడే, మాటతో సహా రికార్డు చేయించుకోండి. పదిసార్లు చూసినా విసుక్కోని గురువు అది.

ఇక జాగ్రత్తలు. పాస్‌వర్డు, ఓటీపీ కొట్టేటప్పుడు రికార్డింగు ఆపండి. లాగిన్ అయ్యాకే మొదలుపెట్టండి. ఆధార్, ఖాతా నంబర్లు కనిపించే రికార్డింగును వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. రశీదు నంబరు కాగితం మీద కూడా రాసుకోండి. వ్యవహారం కోర్టుకు వెళ్తే, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం జతచేయాలి. కనుక అసలు ఫైలును చెరిపేయకండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటి. తెరను మనం రికార్డు చేసుకోవడం వేరు, మన తెరను ఇంకొకరికి చూపడం వేరు. ఫోను చేసి, "ఫలానా యాప్ పెట్టుకోండి, మీ పెన్షను సరిచేస్తాం" అనేవారి మాట వినకండి. ఎనీడెస్క్ యాప్ ద్వారా జరిగే మోసాల గురించి 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఉద్యోగంలో సంస్థ లెక్క పొల్లుపోకుండా రాశాం. ఇప్పుడు మన లెక్క మనం రాసుకుందాం. ఈ రాత్రి ఇంటికి వెళ్లి ఒక్క నిమిషం రికార్డు చేసి చూడండి. రానివారు వచ్చే సమావేశానికి ల్యాప్‌టాప్ తెచ్చుకోండి, కలిసి కూర్చుందాం.