నోటి కాన్సరు – చికిత్సానంతర ఫలనిర్ణయము
(సంఘ సభలో గావించిన ప్రసంగపాఠము)



సున్నపురాతి గనుల ఈ నందినిలో శ్రీకాకుళము వైపునుండి వచ్చిన కుటుంబములును కలవు. అచట చుట్టను నిప్పువైపు నోటనుంచుకొను అడ్డపొగ; ఇచట పండ్లకు రుద్దుకొను గుడాఖు, నమలు గుట్కా. ఊరు మారినను పొగాకు మనలను విడువలేదు. దాని ఫలమే మన పెద్దలు రాచపుండని భయపడిన నోటి కాన్సరు.

పుండు ముదిరినప్పుడు కొందరికి వైద్యులు ముందుగా మందుల చికిత్స, అనగా కీమోథెరపీ, చేసి పిదప శస్త్రచికిత్స చేయుదురు. అప్పుడు ఇంటివారడుగునది ఒక్కటే: "డాక్టరుగారూ, మావాడు దక్కునా?" వైద్యుడు జాతకము చూడడు, ముఖ్యముగా మూడు గుర్తులు చూచును.

మొదటిది, వ్యాధి మెడగ్రంథులకు ప్రాకెనా యనునది. చేతికి బిళ్ళ తగులకున్నను వ్యాధి లోన దాగియుండవచ్చును. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 2015లో ప్రకటించిన పరిశీలన ఆరంభదశ రోగులను గూర్చినది. పుండుతోపాటే మెడగ్రంథులనుకూడ తీసినవారిలో మూడేండ్లకు నూటికి 80 మంది జీవించియుండిరి. బిళ్ళ కనబడువరకు వేచినవారిలో నూటికి 67.5 మందియే.

రెండవది కోత అంచు. తీసిన పుండు చుట్టును వ్యాధి సోకని కండ తగినంత ఉండవలెను.

మూడవది, మందుకు పుండు లొంగిన తీరు. షాంఘై వైద్యులు ముదిరిన వ్యాధిగల 256 మందిని పరిశీలించి 2013లో ఫలితములు ప్రకటించిరి. ముందుగా మందులిచ్చుటచే మొత్తముమీద ఆయుర్దాయము పెరుగలేదు. కాని మందుల పిదప కోసి తీసిన ముక్కలో జీవించియున్న కాన్సరు కణములు నూటికి పదికి మించనివారు మిగిలినవారికంటె మెరుగుగా జీవించిరి.

ఈ సంగతి తెలియునది శస్త్రచికిత్స జరిగిన పిదప, సూక్ష్మదర్శని క్రింద మాత్రమే! కావున వాపు తీసినదిగదా, ఇక కత్తి యెందుకని ఇంటికి మరలుట ప్రాణములమీదికి తెచ్చుకొనుటయే. పైకి మానినట్లున్నను లోన కణములు మిగిలియుండవచ్చును.

ఈ లెక్కలు పలువురిని గూర్చినవి. ఏ ఒక్కని నుదుటివ్రాతయు కావు. కాని పుండు చిన్నదిగానున్నప్పుడే వచ్చినవారికి ఆశ అధికము. కనుక పొగాకు మానుడు. నెలకొకసారి అద్దము ముందు నోరు తెరచి చూచుకొనుడు. తెల్లని, ఎఱ్ఱని మచ్చగాని, రెండు వారములకు మానని పుండుగాని కనబడినచో జాగుచేయక భిలాయి సెక్టారు 9 ఆసుపత్రికి పోయి చూపించుకొనుడు. ఇంటనున్న పెద్దలకును ఈ మాట చెప్పుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.