తాళం వేసిన ఇంటి ముందు



తెల్లవారకముందే కుప్పం రైల్వేస్టేషన్‌లో సందడి మొదలవుతుంది. అన్నం క్యారియర్లు పట్టుకుని బెంగళూరు రైలు కోసం జనం నిలబడి ఉంటారు. పగలంతా అక్కడ పని, రాత్రికి సొంతూళ్లో పడక. పుట్టిన చోటునూ, అంతకుముందు కాపురమున్న చోటునూ అడిగి వలసను లెక్కగట్టే జనగణన పట్టికల్లో వీళ్లు వలసదారులు కారు. మదనపల్లె, పుంగనూరు పల్లెల నుంచి బెంగళూరుకు మకాం మార్చినా, ఓటునూ రేషన్ కార్డునూ ఊళ్లోనే ఉంచుకున్న కుటుంబాలది ఇంకో చిక్కు. వాళ్లు ఏ ఊరి మనుషులు? పొరుగున రాయచోటి వైపు ఇంటిపనికి కువైట్ వెళ్లిన తల్లుల పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతుంటారు. మూడూ వలసలే. మూడింటికీ ఒకే ప్రశ్నావళి సరిపోదు.

లెక్కకు అందని మనిషిని వెతకడం ఈ నేలకు కొత్త కాదు.

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. అక్కడ 1912లో మొదలైన క్షయ శానటోరియం పేరూ, దాని తొలి డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ పేరూ దూరదేశాల వైద్యులకూ తెలుసు. పడక దొరికినవాళ్లకు అక్కడ వైద్యం అందింది. మరి ఆ గుమ్మం దాకా రాలేనివాళ్లో? వాళ్ల సంగతి ఆసుపత్రి రిజిస్టర్‌లో ఉండదు. అందుకే 1950 నుంచి 1955 దాకా డాక్టర్ యోహానెస్ ఫ్రిమోట్-మోలర్ బృందం చుట్టుపక్కల పల్లెలకు వెళ్లింది. జనాన్ని నమోదు చేసి, ఎక్స్‌రేలు తీసి, జబ్బు ఎవరిలో దాగి ఉందో వెతికింది. ఆ ఫలితాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయ్యాయి. 1955-58 మధ్య జరిగిన జాతీయ నమూనా సర్వే కూడా క్షయ పట్నాల్లో ఎంత ఉందో పల్లెల్లోనూ ఇంచుమించు అంతే ఉందని తేల్చింది. అది పట్నపు జబ్బన్న పాత నమ్మకం వీగిపోయింది. జబ్బు రెండుచోట్లా ఉంది, డాక్టరు మాత్రం ఎక్కువగా ఒకచోటే ఉన్నాడు. ఆరోగ్యంలో అసమానత ఏమిటని ఎవరైనా అడిగితే, ముందు చెప్పాల్సిన కథ ఇదే.

ఇక పిల్లల లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సంతానోత్పత్తి రేటు 1.7. పాత తరం చోటును కొత్త తరం నింపాలంటే 2.1 ఉండాలి. 1992-93లో మొదటి సర్వే నాటికి ఉమ్మడి రాష్ట్రంలో అది 2.6. ఇంత వేగంగా తగ్గిందని సంబరపడేముందు 2019-21 నివేదికలోనే మరికొన్ని అంకెలు చూడాలి. వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. మగవాళ్ల ఆపరేషన్లు ఒక శాతం కూడా లేవు. 20-24 ఏళ్ల యువతుల్లో 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. తొందరగా పెళ్లి, తొందరగా కాన్పులు, చాలామందికి పాతికేళ్లలోపే ఆపరేషన్. చిన్న కుటుంబం బరువంతా ఆడవాళ్ల ఒంటి మీదే పడింది. సగటు ఈ మాట చెప్పదు, పరిశోధకులే చెప్పాలి.

ఇప్పుడు గాలి మళ్లింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న 1994 నాటి నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది. ఎక్కువమందిని కనమని కుప్పం ఎమ్మెల్యే కూడా అయిన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పిలుపునిస్తున్నారు. రాష్ట్రం ముసలిదవుతోందన్న ఆందోళనలో నిజముంది. కానీ తెల్లవారుజామున రైలెక్కే తల్లి బిడ్డను పగలు ఎవరు చూసుకోవాలి? కనమని చెప్పేముందు ఆమెను ఆ ప్రశ్న అడగాలి. ఆ ప్రశ్న అడిగే సర్వే చేయడానికి ఈరోజు ఈ హాల్లో పట్టాలు అందుకుంటున్న విద్యార్థులకన్నా తగినవారు లేరు. ఆ రైలు టైమూ, ఆ పల్లె యాసా వీళ్లకే తెలుసు.

2027 ఫిబ్రవరిలో జనగణన జరగాలి. ఆ నెల ఎన్యూమరేటరు పుంగనూరు దగ్గర ఏదో పల్లెలో తాళం వేసిన ఇంటి ముందు ఆగుతారు. పక్కింటి అవ్వ బయటికొచ్చి, "వాళ్లు బెంగుళూర్లో ఉండారు నాయనా, పండక్కి వస్తారు" అంటుంది.