పెరటి కోడికి జబ్బు చేసినప్పుడు



ఎద్దు ఒక పూట మేత మానితే ఇంటిల్లిపాదీ కొట్టంలో చేరతాం. కోడి మేత మానితే మాత్రం "రేపటికి అదే సర్దుకుంటుందిలే" అని ఊరుకుంటాం, లేకపోతే కత్తిపీట తీస్తాం. రెండూ నష్టం తెచ్చే పద్ధతులే. పెరట్లో తిరిగే ఆరేడు పెట్టలు చాలా ఇళ్ళలో ఆడవారి చేతి డబ్బు. పిల్లల పుస్తకాలకూ, ఉప్పూపప్పులకూ ఆ గుడ్ల డబ్బే ఆధారమైన ఇళ్ళు ఇప్పటికీ వున్నవి. కనుక జబ్బును ఎట్లా కనిపెట్టాలో, కనిపెట్టిన పూటే ఏం చేయాలో చెప్పుకుందాం.

కోడి తన జబ్బును దాచుకునే జీవి. నీరసపడిన దానిని తక్కిన కోళ్ళు పొడుస్తాయి. అందుచేత ఓపిక వున్నంతవరకు అదీ అందరితో పాటు గింజలు ఏరుతున్నట్టే తిరుగుతుంది. మన కంట పడేసరికి జబ్బు ముదిరి వుంటుంది. పొద్దున గంప ఎత్తే వేళే పరీక్షకు మంచి సమయం. ఆరోగ్యంగా వున్న కోడి గంప లేవగానే దూసుకువస్తుంది. వెనకబడి, ఈకలు ఉబ్బించుకుని, మెడ ముడుచుకుని, కళ్ళు మూసుకు నిలబడిన దానిని వదలవద్దు, చేతిలోకి తీసుకోండి. తురాయి ఎర్రగా వున్నదా, పాలిపోయిందా, నల్లబడిందా? ముక్కు కారుతున్నదా? రొమ్ము ఎముకను వేళ్ళతో తడమండి. కత్తి అంచులాగా తగిలితే చాలా రోజులుగా కండ తరిగిపోతున్నదన్న మాట. మెడ కింద మేత నిలిచే సంచి పొద్దుటికి ఖాళీ కావాలి. రాయిలాగా గట్టిగా వుంటే ఏ పీచో, దారమో అడ్డం పడి వుంటుంది. రెక్కల కింద, ముడ్డి దగ్గర ఈకలు విడదీసి పేలున్నవేమో చూడండి. ఒళ్ళు వేడిగా వున్నదని మాత్రం జ్వరమనుకోవద్దు. కోడి ఒంటి వేడి సహజంగానే 106, 107 డిగ్రీల ఫారన్‌హీటు వుంటుంది. మన లెక్క దానికి చెల్లదు.

తరువాత రెట్ట చూడాలి. గోధుమరంగుగా వుండి, పైన తెల్లని టోపీ పెట్టినట్టు వుంటే అంతా సవ్యమే. మధ్య మధ్య ఒకటి ముదురు రంగులో, ముద్దగా, దుర్వాసనతో పడుతుంది. అది పారుడు కాదు, కంగారు వద్దు. అట్లాగే పొదుగుకు కూర్చున్న పెట్ట ఈకలు ఉబ్బించి, మేత తగ్గించి, దగ్గరకు పోతే గుర్రుమంటుంది. ఈకలు రాల్చే కాలంలో గుడ్లు ఆపేస్తుంది. ఇవి జబ్బులు కావు. పాపం, ఈ పొరపాటున కూర కుండకెక్కిన మంచి పెట్టలు ఎన్నో!

అనుమానం కలిగిన కోడిని మొదట వేరు చేయండి. మందు సంగతి ఆ తరువాత. మిగతావాటికి దూరంగా, నీడన, గాలి విసరు తగలని చోట వేరే గంప కింద పెట్టి, నూకల జావ, శుభ్రమైన నీరు అందివ్వండి. ముందు బాగున్న కోళ్ళ పని చూసి, చివర దీని దగ్గరకు వెళ్ళాలి. వచ్చాక చేతులూ కాళ్ళూ సబ్బుతో కడుక్కోవాలి. ఈ వరస తిరగబడితే జబ్బును మనమే మోసుకుపోయినట్టు.

ఇక అన్నిటికన్నా భయపడవలసింది కొక్కెర తెగులు. హిమాలయ ప్రాంతాన రాణీఖేత్ అనే ఊళ్ళో 1920లలో గుర్తించినందువల్ల డాక్టర్లు దీన్ని రాణీఖేత్ వ్యాధి అంటారు. కోడి నోరు తెరిచి, మెడ చాచి ఊపిరి కోసం కొట్టుకుంటుంది. ఆకుపచ్చగా, తెల్లగా నీళ్ళలాగా పారుతుంది. రెక్కలు వాలుస్తుంది. కొన్నింటికి మెడ మెలిక తిరిగి, కాళ్ళు పడిపోతాయి. నాలుగు రోజులలో గంప ఖాళీ. దీనికి నయం చేసే మందు లేదు. ఎవరైనా బిళ్ళో సూదో వేసి తగ్గిస్తామంటే నమ్మి డబ్బు పోసుకోవద్దు. ఇది చాలాసార్లు సంతలో కొన్న కోడితోనే వస్తుంది. జబ్బు సోకిన తరువాత బయటపడడానికి రెండు రోజులు మొదలు రెండు వారాలు పట్టవచ్చు గనుక, కొత్త కోడిని మూడు వారాలు విడిగా వుంచి గాని మందలో కలపరాదు.

తురాయి మీద, కంటి చుట్టూ పొక్కులు లేస్తే మశూచి. దోమలు దీన్ని వ్యాపింపజేస్తాయి. పక్కులు పీకకుండా, పసుపు, వేపాకు నూరి పూయండి, కళ్ళు శుభ్రంగా తుడవండి. చాలావరకు నిలుస్తాయి. నోటిలో పుండ్లు పడితే మాత్రం డాక్టరుకు చూపించాలి. నెలా రెండు నెలల పిల్లలకు నెత్తుటి పారుడు పట్టుకుంటే గూటిలో చెమ్మ వున్నదని అర్థం. తడిసిన ఊక తీసి పొడి ఊక పరిచి, వెంటనే పశువైద్యశాల నుంచి నీళ్ళలో కలిపే మందు తెచ్చుకోండి. ఇది తగ్గే జబ్బే. తురాయి పాలిపోయి, తింటున్నా చిక్కిపోయే కోడికి కడుపులో పురుగులు వుండవచ్చు. దానికీ మందున్నది.

మన జ్వరానికి తెచ్చుకుని మిగిలిన బిళ్ళలు అరచి కోడి నోట్లో పోయడం కొన్ని ఊళ్ళలో అలవాటు. ఇది తగదు. ఆ మందు గుడ్డులోకి దిగి పిల్లల కడుపులోకి చేరుతుంది. డాక్టరు ఇచ్చిన మందయినా, ఎన్నాళ్ళు గుడ్లు తినకూడదో అడిగి తెలుసుకోండి.

చచ్చేలోపు కోసుకుందాం, అమ్ముకుందాం అనే ఆశ మరీ ప్రమాదం. మీ ఇంట కోసిన కోడి ఈకలూ పేగులూ వీధిలో పడితే పక్కింటి గంప ఖాళీ అవుతుంది. అమ్మిన కోడి ఇంకో ఊరికే తెగులు చేరుస్తుంది. చచ్చిన వాటిని కాలువలో వేయక, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. ఒకేసారి చాలా కోళ్ళు చచ్చిపడితే, తురాయి, తమ్మెలు నల్లబడితే, చేత్తో ముట్టవద్దు. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో మన దేశంలో మొదటిసారి కనిపించిన బర్డ్ ఫ్లూ, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలకూ వచ్చింది. అది మనుషులకూ సోకగలదు. వెంటనే పశువైద్యశాలలో చెప్పండి.

కొక్కెరకు మందు లేకపోయినా టీకా వున్నది. పిల్లలకు మొదటి వారంలో కంటిలో గాని ముక్కులో గాని చుక్క వేస్తారు. రెండు నెలలు దాటాక చర్మం కింద సూది వేస్తారు. వనరాజా, గ్రామప్రియ వంటి మేలు రకాలు తెచ్చుకున్నా ఇది తప్పదు. చిక్కేమిటంటే, ఒక్క సీసాలో 100 కోళ్ళకో, అంతకు మించో సరిపడే మందు వుంటుంది. కలిపిన తరువాత రెండు గంటలలో వాడేయాలి. ఆరు కోళ్ళున్న ఇంటికోసం సీసా విప్పడం ఎవరికీ గిట్టదు. అందుకనే పెరటి కోళ్ళు టీకా లేకుండా పోతున్నవి. గ్రామసేవకులు ఇక్కడ పూనుకోవాలి. వేసవి ముదరక ముందే వీధివారందరితో మాట్లాడి, కోళ్ళ లెక్క రాసుకుని, ఒక రోజు నిర్ణయించి, మంచుగడ్డల ఫ్లాస్కులో మందు తెప్పించాలి. జబ్బుగా వున్న వాటికి వేయరాదు. వారం ముందు పురుగుల మందు తాగిస్తే మరీ మంచిది. పగటిపూట పెట్టుకుంటే కోళ్ళు దిబ్బల వెంట పడి దొరకవు. చీకటి పడి గూళ్ళు చేరిన తరువాత గాని, తెల్లవారి గంప ఎత్తక ముందు గాని పెట్టుకుంటే ఒక్క కోడీ చేయి దాటిపోదు.