పిల్లవాడు ఎందుకు త్రాగెను?
(గ్రామ పంచాయితీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగము)



మేము ప్రచార శాఖవారము. "త్రాగవద్దు" అని గోడలపై వ్రాయించుట మా ఉద్యోగములో భాగము. ఆ వ్రాత క్రిందనే కూర్చుండి సీసా మూత తీయుచున్న పదునేడేండ్ల బాలురను కూడ మేము చూచియున్నాము. అందుచేత త్రాగుడు చెడ్డదని నేడు మీకు చెప్పబోము. అది మీకు తెలియును. పిల్లవాడు ఎందుకు త్రాగుచున్నాడను ప్రశ్నను మాత్రము మీ ముందుంచెదము.

అమెరికా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు లిన్ కూపర్ 1994లో ఈ వయస్సువారి త్రాగుడునకు నాలుగు కారణములను వేరుపరచి చూపినది. నలుగురితో కలిసి సంతోషించుటకు త్రాగువారు కొందరు. మత్తులోని హుషారు కొరకే త్రాగువారు కొందరు. తోటివారు వెక్కిరింతురేమో, తమను కలుపుకొనరేమో యని త్రాగువారు కొందరు. దుఃఖమును, దిగులును మరచుటకు త్రాగువారు మరికొందరు. కారణమునుబట్టి త్రాగు తీరును మారుచున్నది.

పెండ్లి ఊరేగింపులోనో, జాతరలోనో త్రాగినవాడు జాతర ముగియగానే తన పనికి తాను పోవచ్చును. వెక్కిరింతకు వెఱచినవాడు చేదుగానున్నను మ్రింగును; "వద్దు" అనుటకు తోడుగా ఒక్క స్నేహితుడున్న వానికి చాల బలము. హుషారు కొరకు త్రాగువాడు కొలత మరచును. ఆ ఊపులో మోటారు సైకిలు ఎక్కినచో ఏమగునో మీలో కొందరు కన్నులార చూచియే యుందురు.

మాకు మిక్కిలి భయము కలిగించువాడు నాల్గవవాడు. ఇంటర్మీడియట్ తప్పినవాడు, తండ్రి అప్పులు తలచి నిద్రపట్టనివాడు, ఇంటిలో తల్లి దెబ్బలు తినుట చూచుచు పెరిగినవాడు, చెరువుగట్టున ఒంటరిగా త్రాగును. అల్లరి చేయడు గనుక అతనిపై ఎవరును ఫిర్యాదు చేయరు. మరునాడు దుఃఖము తిరిగి వచ్చును, దానివెంట సీసాయు వచ్చును. త్రాగుడువలన చిక్కులలో పడుట ఇట్టివారిలో ఎక్కువయని పరిశీలనలు తెలుపుచున్నవి.

పట్టుబడిన పిల్లవానిని రచ్చబండ వద్ద నిలబెట్టి, తండ్రిచేత కొట్టించి, జరిమానా వేయు ఊళ్లు కలవు. జాతరలో త్రాగినవాడు ఆ సిగ్గుతో మానవచ్చును, కాదనము. కాని దుఃఖము మరచుటకు త్రాగినవానికి మనము మరియొక దుఃఖమును చేర్చినవారమగుదుము. ఆ రాత్రి అతడు ఎక్కడికి పోవును?

కావున ముందుగా మేనమామయో, మాస్టరుగారో, ఆశా కార్యకర్తయో వానిని ప్రక్కకు పిలిచి, "ఎవరితో త్రాగితివి నాయనా? దానికిముందు నీ మనసెట్లుండెను?" అని అడుగవలెను. ఒంటరిగా త్రాగితినని చెప్పినచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరు వద్దకు కొనిపోవలెను. వ్యసన విముక్తికై 14446 అను ఉచిత టెలిఫోను నంబరు కలదు. దానిని పంచాయితీ కార్యాలయపు గోడపై వ్రాయింపుడు. మా గోడవ్రాతలలో ఇది కొంత పనికివచ్చును.

అమ్మువాని విషయమున ఈ మెత్తదనము తగదు. ఇరువది యొక్క సంవత్సరములు నిండనివారికి మద్యము అమ్మరాదు. పదునెనిమిదేండ్లు నిండని బిడ్డకు మత్తు పానీయమిచ్చినచో, 2015 నాటి బాలల న్యాయ చట్టము 77వ సెక్షను ప్రకారము ఏడేండ్ల వరకు కఠిన శిక్షయు, లక్ష రూపాయల వరకు జరిమానాయు పడవచ్చును. బెల్టు షాపువానికి ఈ మాట సభ్యులే స్వయముగ చెప్పవలెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తమ ఊరిలో సారా అమ్మకమును ఆపివేసిరి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషిద్ధమైనది. ఊరివారు పూనుకొనినచో ఏమి జరుగునో మనకు క్రొత్తగా ఎవరును చెప్పనక్కరలేదు.

చివరగా ఒక్క కోరిక. ఇంటర్మీడియట్ ఫలితములు వచ్చిన సాయంకాలమే మీలో ఇద్దరు తప్పినవారి ఇండ్లకు పోయి పలుకరింపుడు. సప్లిమెంటరీ పరీక్ష ఎప్పుడో, ఫీజు కట్టుటకు గడువెంతో ముందే కనుగొని పొండు.